ఎడం పక్క సీటు

నేను కుళ్ళుమోతు మనిషిని. ఆ మాట మా ఆవిడ అంటే ఊరుకోను గానీ, నాకు నేను చెప్పుకోడానికి సిగ్గేటీ లేదు. అందరి మీదా కాదు లెండి. ఎదురింటాయన కారు కొన్నప్పుడు వెళ్ళి మిఠాయి తినొచ్చాను. మా గొడౌన్ మేనేజరు కొడుకు సింగపూర్ పోతుంటే విమానం దగ్గర దాకా సామాను మోశాను. నా ఏడుపంతా ఒక్కడి మీదే. మా తోడల్లుడు, అంటే మా ఆవిడ చెల్లెలి మొగుడు.

వాడు లారీ డ్రైవరు. రంగూన్ నుంచి మండలే దాకా, సరుకుంటే ఇంకా పైకి కూడా పోతాడు. నాకంటే ఆరేళ్ళు చిన్న. నన్ను నోరారా అన్నా అని పిలుస్తాడు. ఒక్కసారి కూడా మర్యాద తప్పి మాట్లాడలేదు. అదొకటి మళ్ళీ, తిట్టుకుందామన్నా సందివ్వడు.

నేను రంగూన్ బోటాటౌంగ్‌లో, రేవు పక్కన పప్పుల గొడౌన్లో పని చేస్తాను. మినుములు, కందులు, పెసలు లోపలి ఊళ్ళ నుంచి లారీల్లో వస్తాయి, ఓడెక్కి ఇండియా పోతాయి. బస్తాలోకి ఇనప గొట్టం పొడిచి, అరచేతిలోకి గింజలు రాల్చుకుని, పుచ్చెంత, రాయెంత అని చూసి చెప్పడం నా పని. తేమ సంగతి అయితే గింజ కొరికి చెప్పేస్తాను. మా తాత విశాఖపట్నంలో ఓడెక్కి వచ్చి ఇదే రేవులో మోత మోశాడు, మా నాన్నా మోశాడు. నేను మొయ్యకుండా నీడలో నిలబడి గింజలు కొరుకుతున్నానంటే అది మా ఇంట్లో గొప్పే. పద్దెనిమిదేళ్ళు ఆ గొప్పతోనే బతికాను.

గొడౌన్లో ఇంకో పని కూడా నాదే. సరుకు తెచ్చిన డ్రైవర్లు లారీ గేటు దగ్గర వదిలేసి మొహింగా, అదే చేపల పులుసు సేమియా, తినడానికి పోతారు. ఆ లారీలని లోపలికి తెచ్చి, వెనక్కి తిప్పి, బస్తాలు దించే అరుగుకి ఆనించి పెట్టేది నేను. అందుకోసమని ఎప్పుడో పెద్ద బండి లైసెన్సు కూడా తీయించారు. లారీ వెనక్కి నడపడంలో మా రేవులో నన్ను మించినోడు లేడు. గేటు దాటి ముందుకు నడిపింది మాత్రం ఎప్పుడూ లేదు.

ఆదివారం చర్చి అయ్యాక మేమంతా మింగళ తౌంగ్‌న్యున్‌లో మా అత్తగారింట్లో తింటాం. రైలు స్టేషను వెనక సందులో మూడో అంతస్తు, రెండు గదులు. వాడు ఊళ్ళో లేని ఆదివారం ఆ ఇంట్లో కూరలో ఉప్పు కూడా సరిగ్గా ఉండదు. వాడున్న ఆదివారం చూడాలి. మెట్ల మీద వాడి చెప్పుల చప్పుడు వినపడగానే మా అత్త చెంగుతో మొహం తుడుచుకుంటుంది. వాడు పైనుంచి ఏవో తెస్తాడు. మేమ్యో స్ట్రాబెర్రీలు, షాన్ కొండల టీ ఆకు, మా పిల్లకి ఉన్ని టోపీ. రంగూన్లో ఉన్ని టోపీ ఎందుకురా అని నేనంటే, "ఫోటోకి నాన్నా" అని మా పిల్ల బర్మా భాషలో విసుక్కుంది. ఆ టోపీ పెట్టుకుని, వాడి పక్కన నిలబడి ఫోటో తీయించుకుని ఫోన్లో పెట్టుకుంది. ఆ ఫోన్లో నా ఫోటో ఉందో లేదో నేను అడగలేదు.

వాడు కబుర్లు చెప్తాడు. వంతెన మీద ఏనుగు అడ్డం నిలబడ్డ సంగతి, వరదలో రెండ్రోజులు ఒక పొంగీ చౌంగులో, అదే బౌద్ధ సన్యాసుల మఠంలో, తలదాచుకున్న సంగతి. అందరూ నోళ్ళు తెరుచుకుని వింటారు. మా ఆవిడ కూడా. పమిట నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుతుంది. నాతో పెళ్ళయి పందొమ్మిదేళ్ళు, నేను చెప్పిన ఏ మాటకీ అలా నవ్వలేదు. నవ్వడానికి నేనేం చెప్పాను గనక? ఈ వారం మినుముల్లో రాళ్ళెక్కువ అని చెప్పాను.

అన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది చర్చిలో. మాది తెలుగు బాప్టిస్టు సంఘం. రెండో పాట అయ్యాక సాక్ష్యాల సమయం ఉంటుంది. దూర ప్రయాణం చేసి క్షేమంగా తిరిగొచ్చిన వాళ్ళు లేచి నిలబడి, దేవుడు దారిలో చేసిన మేలు చెప్పాలి. అది మా పెద్దల నాటి నుంచీ ఉన్న అలవాటు. ఓడల కాలంలో మొదలైందంటారు. ఇప్పుడు ఓడలెక్కేవాళ్ళెవరున్నారు? ఆ సమయం అంతా మా తోడల్లుడిదే. సగం తెలుగు, సగం బర్మా కలిపి చెప్తాడు. అందుకని ఎప్పుడూ ఫోన్లు చూసుకునే కుర్రకారు కూడా తలెత్తి వింటారు. చివర పాస్టరుగారు "దేవునికి స్తోత్రం" అంటారు, సంఘమంతా అంటుంది, నేనూ అంటాను. ఇన్నేళ్ళలో నేను ఒక్కసారి కూడా లేచి నిలబడలేదు. తామ్వేలో ఇంటి నుంచి బోటాటౌంగ్‌కి బస్సులో పోయి బస్సులో వచ్చేవాడికి దారిలో దేవుడు ఏ మేలు చేస్తాడు?

మొన్న వానలు తగ్గాక ఒక ఆదివారం, భోజనాలయ్యాయి. మా అత్త చేతులు కడుక్కుంటూ, నేను గదిలో ఉన్నానని తెలీకో తెలిసో, మా ఆవిడతో అంది.

"మీ ఆయన మంచోడే. కాకపోతే ఆ గొట్టం పట్టుకుని అలాగే ముసలోడైపోతాడు."

మా ఆవిడ కాదనలేదు. గిన్నెలు తోముకుంటూ ఉండిపోయింది.

ఆ రోజే మెట్లు దిగుతుంటే వాడు నా భుజం మీద చెయ్యేశాడు.

"అన్నా, ఒక మాట. నా బండిలో పక్కనుండే మనిషి పెళ్ళి సేసుకుని మౌల్మీన్ ఎలిపోనాడు. మా ఓనరుకి లైసెన్సున్న మనిషి కావాల. ఇద్దరం మార్సి మార్సి నడుపుకోవొచ్చు. నువ్వొస్తావేటి?"

"నేనా?"

"నువ్వే. బయటోణ్ణి ఎక్కించుకోడం నాకిష్టం నేదన్నా. నా అనుకున్న మనిషుండాల."

వద్దని చెప్పాల్సిన కారణాలు నాకు తెలుసు. నలభై అయిదేళ్ళు నాకు. గొడౌన్ ఒక్కసారి మానేస్తే నా చోటు మర్నాడే ఇంకొకరికి ఇచ్చేస్తారు, మళ్ళీ గేటు లోపలికి రానివ్వరు. రోడ్లు చూస్తే ఈ రోజుల్లో మంచివి కావు, అడుగడుక్కీ గేట్లు, కాగితాలు, సోదాలు. అయినా ఆ మెట్ల మీద నా ఛాతీ ఉబ్బిపోయింది. వాడు నన్ను అడిగాడనే కాదు. ఆ పని నాకొస్తే, ఇంక నా దగ్గర లేనిది వాడి దగ్గర ఏటీ ఉండదని.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్తే చేస్తున్న పని ఆపి నన్ను చూసింది.

"మీరా? లారీయా?"

"ఏం, నేను మనిషిని కాదా?"

"అది కాదండీ." ఏదో అనబోయి మానేసి, "మరిదితోటయితే బయం నేదు లెండి," అంది.

నా మీద నమ్మకంతో కాదు, వాడి మీద నమ్మకంతో నన్ను పంపిస్తోంది. ఆ రోజు అన్నం సహించలేదు.

ఊరికే ఒప్పుకోవద్దన్నా, ఒక ట్రిప్పు వచ్చి చూడు, ఆదివారం చర్చి అయ్యాక నీ మాట చెప్పు, సోమవారం ఓనరు దగ్గరికి పోదాం అన్నాడు వాడు. గొడౌన్లో జ్వరమని చెప్పి మూడు రోజులు సెలవు పెట్టాను. ఎరువుల బస్తాలు తౌంగూలో దించి, అక్కణ్ణుంచి పెసలు వేసుకుని తిరిగి రావడం. గురువారం పొద్దున్న ఆరింటికి బయల్దేరాం.

ఇక్కడ సంగతి ఒకటి చెప్పాలి. మా దేశంలో బళ్ళు రోడ్డుకి కుడి పక్కన పోతాయి. లారీలేమో జపాన్‌లో వాడేసిన పాతవి, స్టీరింగు కూడా కుడి పక్కనే ఉంటుంది. అంటే డ్రైవరు రోడ్డు అంచున, కాలవ పక్కకి కూచుంటాడు. ముందు పోయే బండిని దాటాలంటే ఎదర ఏటొస్తోందో వాడికి కనపడదు. లారీ సగం బయటికొస్తే గానీ కనపడదు. చూడవలసింది ఎడం పక్క సీట్లో కూచున్న మనిషి. ఆ మనిషి కిటికీలోంచి తల బయటికి పెట్టి చూసి బర్మా భాషలో "యదే" అంటే పోవచ్చు, "మయబూ" అంటే కుదరదు. రోజుకి వందసార్లు ఆ మాట అనాలి. ఆ ఒక్క మాట మీద డ్రైవరు అంత బరువునీ ఎదురు రోడ్డులోకి తిప్పేస్తాడు. చూసి కాదు, విని.

పక్క మనిషంటే టీ అందించేవాడు, టైర్లు తట్టి చూసేవాడు అనుకునేవాణ్ణి అప్పటిదాకా. వాడు నా అనుకున్న మనిషి కావాలని ఎందుకన్నాడో లెగూ దాటాక గానీ బుర్రకెక్కలేదు.

మొదటి రెండు గంటలూ బాగానే గడిచాయి. నేను చూసి చెప్తున్నాను, వాడు దాటిస్తున్నాడు. "నీ కన్ను మంచిదన్నా, గింజలో పురుగు సూసే కన్ను కదా" అన్నాడు. పొగుడుతుంటే బాగానే ఉంది. గేట్ల దగ్గర వాడికి అందరూ తెలుసు. కో, కో అని, అంటే అన్నా అని, పలకరిస్తున్నారు. ఒక టీ కొట్టులో ముసలమ్మ వాడికి అడక్కుండానే పలాటా రొట్టె తెచ్చి పెట్టి, నన్ను చూసి వీడెవడన్నట్టు కనుబొమ్మలెగరేసింది. "మా అన్న" అన్నాడు. ఆవిడ నన్ను మళ్ళీ ఒకసారి చూసి, ఏం పోలిక లేదే అంది. నాకు లోపల చురుక్కుమంది. ఊరికే అన్నదే గానీ, నాకు ఏదైనా చురుక్కుమంటుంది.

పెగూ దాటి గంటయింది. తొమ్మిదవుతోంది, ఎండ బాగా ఎక్కింది. మా ముందు వెదురు బొంగుల లారీ ఒకటి తాపీగా పోతోంది. బొంగులు వెనక్కి పొడుచుకొచ్చి ఊగుతున్నాయి. అప్పుడు వాడి ఫోను మోగింది. మా ఆవిడ. నాకు కాదు, వాడికి చేసింది. ఫోను అద్దం కింద తగిలించి ఉంది, స్పీకర్లో పెట్టాడు.

"ఏటి మరిదీ, మా ఆయన ఎలాగున్నారు? తిన్నారా? కాస్త సూసుకో నాయినా. ఆయనకి గొడౌన్ తప్ప ఏటీ తెల్దు."

"నానున్నాను కదా వదినా. నీకేటి బెంగ?"

ఇద్దరూ నవ్వారు. నేను పక్కనే ఉన్నాను. మా ఆవిడకి నా గొంతు వినాలని కూడా అనిపించలేదు, పెట్టేసింది.

"సూడన్నా" అన్నాడు వాడు, ఆ నవ్వు మొహంతోనే.

తల బయటికి పెట్టి చూశాను. రోడ్డు ఖాళీ. "యదే" అన్నాను. నిజంగానే ఖాళీ, అంత వరకు నేను ఒట్టేసి చెప్తాను. లారీ ఎడం పక్కకి తిరిగింది, గేరు మారింది. అప్పుడు ఎదర, వంపు దగ్గర, చెట్ల నీడలోంచి బస్సు బయటికొచ్చింది. నాకు కనిపించింది. వాడికి బొంగులు అడ్డం, కనపడదు.

మాట నోట్లోనే ఉంది. నేను అనలేదు.

ఎంతసేపంటే ఏటి చెప్పను, ఒకటి, రెండు అనుకునేంత. ఆ కాసేపూ నా బుర్రలో ఏటుందో మాత్రం ఇప్పటికీ బాగా తెలుసు. భయం లేదు. నోరు పెగలకపోవడం కాదు. 'ఇప్పుడు చూస్తాను నీ డ్రైవింగు' అనుకున్నాను. అదే మాట, అంతే. ఆ లారీలో నేను కూడా ఉన్నానన్న సంగతే గుర్తు రాలేదు.

తర్వాత అరిచాను. బర్మాలో కాదు, తెలుగులో, బస్సూ అని. వాడు ఒక్కసారిగా బ్రేకు తొక్కి, స్టీరింగు కుడి పక్కకి లాగి, బొంగుల వెనక దూరాడు. బస్సు హారను మోగించుకుంటూ నా కిటికీ పక్క నుంచే పోయింది. అందులో కిటికీ దగ్గర కూచున్న ఒకావిడ, మొహం నిండా థనకా గంధం పూసుకుని ఉంది, నన్నే చూసింది. ఆవిడ బుగ్గ మీద ఆ గంధం పొడి పగుళ్ళు కూడా నాకు కనిపించాయి.

వాడు డైకూ దాకా ఆ బొంగుల వెనకే తాపీగా నడిపాడు. అక్కడ లారీ పక్కకి ఆపి దిగి, చుట్టూ తిరిగి నా వైపుకొచ్చి తలుపు తీసి, నన్ను గట్టిగా పట్టుకున్నాడు.

"నువ్వరవకపోతే ఈపాటికి ఇద్దరం ఎలిపోదుమన్నా. ఇద్దరాడోళ్ళూ ఒక్కపాలే ఏడుద్దురు."

అప్పుడే చెప్పాల్సింది. వాడు నా వీపు నిమురుతుంటే, ఎలా చెప్తాను?

అక్కణ్ణుంచి లారీ నాకిచ్చాడు. ఇప్పుడు నా వల్ల కాదు అన్నా, కాసేపు నువ్వు నడుపు అన్నాడు. మొదటిసారి నేను ముందుకు నడిపాను. ఈ సంగతి రాయకపోతే అబద్ధం రాసినట్టవుతుంది, నాకు చాలా బాగుంది. అంత పెద్ద బండి నా కాలి కింద కదులుతుంటే, వరి చేలు అటూ ఇటూ వెనక్కి పోతుంటే, ఈ పద్దెనిమిదేళ్ళూ ఏం చేశానురా అనిపించింది. వాడు నా ఎడం పక్క కూచుని, మెడ బయటికి పెట్టి, ఎండలో కళ్ళు చికిలించుకుని చూస్తున్నాడు. యదే, మయబూ, మయబూ, యదే. నేను అడగడం ఆలస్యం, జవాబొచ్చేసేది. ఒక చోట "మయబూ" అన్నప్పుడు ఎదర నాకేటీ కనపడక, ఊరికే అన్నాడేమో అనుకున్నాను. మూడు లెక్కపెట్టేలోపు ట్యాంకరు పోయింది. నా ప్రాణం వాడి నోట్లో ఉంది, వాడొక్కసారి కూడా ఆలస్యం చెయ్యలేదు. దానికి కూడా నాకు కుళ్ళొచ్చింది. మంచితనం కూడా వీడికి ఇంత తేలికేటని.

శనివారం సాయంత్రానికి ఇంటికొచ్చాం. మా ఆవిడకి నేనేం చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది. మర్నాడు చర్చిలో సాక్ష్యాల సమయం రాగానే వాడు లేచి నిలబడ్డాడు.

మొత్తం చెప్పాడు. బొంగుల లారీ, వంపు, బస్సు. "నా కళ్ళకేటీ కనపడ్డం నేదు. నా పక్కన దేవుడు మా అన్నని కూచోబెట్టాడు. మా అన్న నోట్లోంచి దేవుడే కేకేశాడు" అన్నాడు. సంఘమంతా నా వైపు తిరిగింది. వెనక వరసలో కుర్రాళ్ళు కూడా. మా అత్త రెండు చేతులూ జోడించి నా వైపు చూసి దణ్ణం పెట్టింది, దేవుడికో నాకో తెలీదు. మా పిల్ల నా చెయ్యి పట్టుకుంది. మా ఆవిడ వైపు చూశాను. పందొమ్మిదేళ్ళుగా ఏ చూపు కోసమైతే నేను ఏడ్చానో, అదే చూపు. ఇన్నాళ్ళకి నా మొహం మీద పడింది.

"మీరు కూడా లేచి రెండు మాటలు చెప్పండి" అన్నారు పాస్టరుగారు.

లేచాను. బల్ల పట్టుకున్నాను. "దేవునికి స్తోత్రం" అన్నాను. అంతే, కూచున్నాను. వినయం అనుకున్నారంతా. నా ముందు కూచున్న పెద్దాయన వెనక్కి తిరిగి నా మోకాలు తట్టాడు.

బయటికొచ్చాక వాడు నన్ను ఎదర టీ కొట్టుకి లాక్కెళ్ళాడు. ఆడవాళ్ళు చర్చి వాకిట్లోనే మాట్లాడుకుంటున్నారు, మా ఆవిడ చుట్టూ నలుగురు చేరారు. ఇంక రేపు ఓనరు దగ్గరికి పోదాం కదా అన్నాడు వాడు కూచుంటూనే.

అప్పుడు ఒప్పుకుని ఊరుకుంటే ఎవరికీ ఏటీ తెలీదు. నాకు పని దొరికేది, రోడ్డు దొరికేది, ఆదివారం నిలబడ్డానికి సాక్ష్యం దొరికేది, మా ఆవిడ ఆ చూపు మిగిలేది. అన్నీ బల్ల మీద ఉన్నాయి, చెయ్యి చాపితే చాలు. కానీ ఆ రోడ్డు మీద మా ఆవిడ ఇంకో వందసార్లు వాడికి ఫోను చేస్తుంది. వాడు ఇంకో వందసార్లు నవ్వుతాడు. ప్రతిసారీ నా నోరు టైముకి తెరుచుకుంటుందని నాకు నమ్మకం లేదు. నాకే లేదు.

నడుం నొప్పి అనో, గొడౌన్లో మానెయ్యనివ్వటం లేదనో చెప్పి తప్పించుకుందామనుకున్నాను. నోరు తెరిచేసరికి అసలు సంగతే బయటికొచ్చింది.

"ఆ బస్సు నాకు ముందే కనపడింది. నేను చూసి కూడా వెంటనే అరవలేదు."

వాడు పలాటా తుంచుతున్నవాడు ఆగిపోయాడు. "కొత్త కదన్నా. బయానికి నోరు రాదు."

"భయం కాదు."

"మరేటి?"

"నీ మీద కుళ్ళు."

నా మొహం అంతా చూశాడు. ఎగతాళేమోనని చూస్తున్నాడు.

"నా మీదా? నా కాడ ఏటుందన్నా?"

నిజంగానే అడిగాడు. వాడికి తెలీదు. వాడి పెళ్ళయినప్పటి నుంచి, పదహారేళ్ళుగా, ప్రతి ఆదివారం ఒకే చాప మీద కూచుని నేను వాడి మీద ఏడుస్తున్నాను, వాడు గమనించనే లేదు. నేను వాడి లెక్కలోనే లేను. అంత సిగ్గులో కూడా దానికి నాకు ఒళ్ళు మండింది.

"ఎంతసేపు?" అన్నాడు మళ్ళీ.

"ఒకటి, రెండు. అంతే."

వాడి పెదాలు కదిలాయి. ఒకటి, రెండు అని లోపల అనుకుంటున్నాడని తెలిసింది. అనుకుని, టీ కప్పు పక్కకి జరిపాడు. మనసులో లారీ ఎక్కి మళ్ళీ ఆ రోడ్డు చూస్తున్నాడు.

"ఇంట్లో ఎవలికీ సెప్పకన్నా. నాను సాక్ష్యం సెప్పీసేను గదా" అన్నాడు. లేచి, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, "నువ్వు రావొద్దన్నా" అన్నాడు. అప్పుడు కూడా అన్నా అనే అన్నాడు.

ఆ రోజు భోజనాల దగ్గర వాడు నా ఎదురుగానే కూచుని తిన్నాడు. ఒక్క కబురు కూడా చెప్పలేదు. అలిసిపోయాడు పాపం అంది మా అత్త. ఇంటికొచ్చాక మా ఆవిడకి నేను లారీ ఎక్కనని చెప్పాను.

"అదేటండీ? అందరూ అంతలాగ..." ఆగింది. "బయమేసిందా?"

"ఔను" అన్నాను.

"పోన్లెండి" అంది. బట్టలు మడత పెట్టుకుంటూ కూచుంది. చర్చిలో చూసిన ఆ చూపు అప్పుడే సర్దేసుకుంది, నేను చూస్తుండగానే. సోమవారం పొద్దున్న బస్సెక్కి బోటాటౌంగ్ పోయి గొట్టం పట్టుకున్నాను. జ్వరం తగ్గిందా అని మేనేజరు అడిగాడు.

మూడు వారాల తర్వాత వాడి లారీ మా గొడౌన్‌కే పెసలు తెచ్చింది. మామూలుగా గేటు దగ్గర దిగిపోయి నాకు తాళం ఇవ్వాలి. దిగలేదు. తనే లోపలికి తిప్పుతున్నాడు. ఎడం పక్క సీట్లో ఎవరో బర్మా మనిషి, నా వయసే ఉంటుంది, నోటి నిండా కిళ్ళీ, తల బయటికి పెట్టి అటు ఆటోలనీ ఇటు బస్తాల తోపుడు బండినీ చూస్తున్నాడు. ఆ మనిషి "యదే" అన్నాడు. మా తోడల్లుడు అటు తిరిగి కూడా చూడకుండా, ఆ మాట విని స్టీరింగు మొత్తం తిప్పేశాడు.

నేను అరుగు మీద గొట్టం పట్టుకుని నిలబడి ఉన్నాను. పదహారేళ్ళలో మా తోడల్లుడి మీద ఏ రోజూ కుళ్ళుకోనంతగా, ఆ కిళ్ళీ నమిలే మనిషి మీద కుళ్ళుకున్నాను.